గీత కింద మాట

హామిల్టన్,
16 ఏప్రిల్ 2023

అక్కా,

అమ్మ ఉత్తరం మొదలుపెట్టే తీరు నాకు కంఠతా వచ్చు. ముందు ప్రభువు పేరు, తర్వాత వందనాలు, ఆ తర్వాత ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాం. అలాగే రాయబోయి ఆగిపోయాను. నువ్వు క్షేమంగా లేవని తెలిసీ ఆ మాట ఎలా రాయను?

చిన్నారి నోషు చనిపోయిన నవంబరు నుంచి నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తేది ఆండ్రూ బావే. "మీ అక్క పడుకుంది, ఫేబీ" అంటాడు. నిన్న గట్టిగా అడిగితే చెప్పాడు. బాబు వీడియోలన్నీ అందులో ఉన్నాయని ఫోన్ ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టేశావట. అందుకే ఈ కాగితం. దీంట్లో వీడియోలుండవు.

ఈ ఆలోచన నాది కాదు. నాకు కొత్తగా ఒక పార్ట్‌టైమ్ పని దొరికింది. కాలేజీ బోర్డు మీద "చదివి వినిపించే మనిషి కావాలి" అని చీటీ అంటించి ఉంటే అప్లై చేశా. ఆవిడ పేరు ఎల్స్పెత్ రెనీ. స్కాట్లాండ్ నుంచి వచ్చిన బయోకెమిస్టు. ఎనభై తొమ్మిదేళ్లు. ఎదురుగా ఉన్నది కనబడదు, పక్కనున్నవి మాత్రం నీడల్లా తెలుస్తాయి. పని చేసినంత కాలం రాసుకున్న ల్యాబ్ నోటుబుక్కులు నలభై ఒకటి ఉన్నాయి. వాటిని యూనివర్సిటీ వాళ్లకి ఇచ్చేయాలి. ఇచ్చేలోపు ఒక్కసారి అన్నీ వినాలని ఆవిడ కోరిక. వారానికి మూడు మధ్యాహ్నాలు నేను చదువుతాను, ఆవిడ కళ్లు మూసుకుని వింటారు.

మొదటిరోజు నా కాలేజీ నోటుబుక్కు చూపించమన్నారు. చూడలేరు కదా, పేజీ మీద వేలు పోనిచ్చారు. ఒకచోట వేలు ఆగింది. నేను వైట్నర్ పూసిన చోటు.

"ఇక్కడ ఏం దాచావు?" అన్నారు.

"తప్పు రాశానండీ."

"తప్పు రాస్తే ఒకటే గీత. కింద ఉన్నది చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన సరైనది, తేదీ, పొట్టి సంతకం. తప్పుని దాచినవాళ్లు దాన్ని మళ్లీ చేస్తారు."

నీ సంగతి చెబితే, "ఫోన్ ఎత్తకపోతే రాయి. మీ భాషలో రాయి" అన్నారు. రాయడానికి కూర్చుంటే నాకు మాటలు దొరకడం లేదక్కా. దొరికినప్పుడు మాత్రం ఎంత బాగుంటుందో! నా రూమ్మేట్ సాత్విక కరీంనగర్ పిల్ల. "గీ కాలంల ఉత్తరమేందే? ఎవనికి, లవ్ లెటరా?" అని నా భుజం మీదుగా తొంగి చూస్తోంది.

అంత్యక్రియలకి రాలేదు నేను. మిడ్‌టర్మ్ అని చెప్పాను. పరీక్ష ఉన్న మాట నిజమే. కాని వాయిదా అడగొచ్చు, అడగలేదు. భయపడ్డాను. ఇది గీత కొట్టకుండా రాస్తున్నాను.

నీ
ఫేబీ

*

విన్నిపెగ్,
9 మే 2023

ఫేబీకి,

ఉత్తరం చేరింది. నీ తెలుగు చూస్తే మన రత్నకుమారి టీచర్ మార్కులు వేసేది.

నేను పడుకోవడం లేదు. అలా చెప్పమని మీ బావతో నేనే అన్నాను. పోయిన వారం నుంచి మళ్లీ పనిలోకి వెళ్తున్నాను, అదే వృద్ధుల హోమ్‌కి. పొద్దున్నే ఎనిమిది మందికి స్నానం చేయించి తల దువ్వాలి. దువ్వేటప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తాను.

అత్తయ్య వీసా పొడిగించారు. ఇంకా ఇక్కడే ఉన్నారు.

నువ్వు రానందుకు నేనేమీ అనుకోలేదు. వచ్చినవాళ్లేం చేశారు? కాఫీ తాగారు, "దేవుని చిత్తం" అన్నారు, వెళ్లారు.

ఆవిడ గురించి రాయి. మన గురించి వద్దు.

అక్క

*

హామిల్టన్,
11 జూన్ 2023

అక్కా,

నువ్వు ఆవిడ గురించి అడిగావు. నాకు చాలు. ఇవాళ ఆపకుండా రాస్తాను.

రెనీ గారు కొండల్లో గొర్రెల కాపరి కూతురు. వాళ్ల నాన్న పాఠశాల మొహం పెద్దగా చూడలేదట. కాని గొర్రె ఒంటి మీద ఉన్నిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఇలా నలిపి, "దీని ఒంట్లో ఏదో తక్కువైంది" అని చెప్పేసేవాడట. ఆరోగ్యంగా ఉన్న ఉన్నికి సన్నటి అలలుంటాయి. అలలు పోయి తీగలా సాగిందంటే గొర్రెకి జబ్బు. నల్లగొర్రె ఉన్ని బూడిదరంగుకి తిరిగిందంటే ఇంకా జబ్బు. అలాంటి గొర్రెకి పుట్టిన పిల్ల లేచి నిలబడలేదు. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ తల్లి దగ్గరికి వెళ్లబోయి పడిపోతుంది.

రెనీ గారికి ఏడేళ్లప్పుడు ఒక్క వసంతంలోనే పదమూడు పిల్లలు అలా పోయాయి. అవి మేసే నేలలో రాగి లేదు, అంతే. మన బిందెల్లో, చెంబుల్లో ఉండే రాగి! ఒంట్లో చిటికెడుకి చిటికెడు కూడా ఉండదు, కాని అది లేకపోతే వెంట్రుకకి రంగు రాదు, నరానికి బలం రాదు. కడుపుతో ఉన్న గొర్రెకి ముందే కొంచెం రాగి ఇస్తే పిల్ల నిలబడుతుంది. పుట్టాక ఇస్తే లాభం లేదు. ఆ సంగతి తెలిసిన మరుసటి ఏడాది ఒక్క పిల్లా పడలేదట. "మా నాన్న ఆ ఏడు సంతోషించలేదు. కొట్టం వెనక కూర్చుని పోయిన పదమూడింటికీ ఏడ్చాడు" అన్నారు.

పశువైద్యం చదువుతానంటే ఆడపిల్లకెందుకు అన్నారట. కెమిస్ట్రీలో చేరారు. ఆ తర్వాత జీవితమంతా రాగి. రక్తంలో రాగి, కాలేయంలో రాగి. అరవయ్యారులో కెనడా వచ్చి ఇక్కడొక చిన్న పరిశోధనశాలలో చేరారు.

"పెళ్లి చేసుకోలేదా అండీ?" అని అడిగేశాను.

"ఒకాయన అడిగాడు. ఆ వారమే మా యంత్రం పాడైంది. యంత్రం బాగయ్యేసరికి ఆయనకి వేరే అమ్మాయి దొరికింది."

అక్కా, 'ఉన్ని' ఎంత మెత్తటి మాటో చూశావా? పైకి అంటుంటే నోట్లోనే మెత్తగా ఉంటుంది. పక్కనే 'బొచ్చు' అని చూడు, గరగర. ఈ రెండు మాటలూ రాసుకుని గోడకి అంటించాను. "నీకు పిచ్చి పట్టింది" అంది సాత్విక.

నీ
ఫేబీ

*

విన్నిపెగ్,
23 జూలై 2023

ఫేబీకి,

ఆలస్యమైంది. ఒంట్లో బాగుండటం లేదు. టీ వాసన పడటం లేదు. ఎండకేమో.

అత్తయ్య ఇవాళ చర్చిలో సాక్ష్యం చెప్పారు. మనవడు పరలోకంలో ఉన్నాడని, తన కుటుంబం బలపడిందని. అందరూ ఆమేన్ అన్నారు. బావ కూడా అన్నాడు. నేను పిల్లల గది వైపు వెళ్లి బొమ్మలు సర్దాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆవిడ మంచావిడలా ఉంది. ఇంకోటి ఏదైనా రాయి. ఆ ఊరి గురించి, నీ కాలేజీ గురించి.

గొర్రెల సంగతి ఇంక రాయకు.

అక్క

*

హామిల్టన్,
17 సెప్టెంబరు 2023

అక్కా,

నువ్వు వద్దన్నావు కాబట్టి ఊరి గురించి రాస్తున్నాను. ఇక్కడ కొండ లాంటిదొకటి ఊరిని రెండుగా కోస్తుంది. పైవాళ్లు, కిందవాళ్లు. మేం కిందవాళ్లం. చెరువు పక్కన ఉక్కు ఫ్యాక్టరీల పొగ లేస్తుంది. చెరువంటే మన చెరువు కాదు, అవతలి గట్టు కనబడదు. సాత్వికకి కాఫీ షాపులో పని దొరికింది. "వీళ్లకి కాఫీలో పాలు రెండు, చక్కెర రెండు అంటే మంత్రమే" అంటోంది. ఈ ఏడు కాలేజీలో ఎటు చూసినా మనవాళ్లే. క్లాసులో వెనక వరసంతా తెలుగు.

ఇరవై మూడో నోటుబుక్కు చదువుతున్నాం. అందులో గొర్రెలు లేవు.

అక్కా, నోషు జుట్టు నీ దగ్గర ఏమైనా దాచావా?

పై వాక్యం ఒక్క గీతతో కొట్టేశాను. చూసే ఉంటావు. చదవకు.

చలి మొదలైంది. కోటు కొనాలి.

ఫేబీ

*

విన్నిపెగ్,
22 అక్టోబరు 2023

ఫేబీ,

చదవకు అని రాస్తే చదవనివాళ్లెవరే?

నాకు ఐదో నెల. ఫిబ్రవరిలో కాన్పు. మొన్న స్కానింగులో బాబు అన్నారు. అమ్మకి చెప్పలేదు. చెబితే ఊరంతా పిలిచి కృతజ్ఞతా కూడిక పెడుతుంది. పోయినసారి పెట్టింది. ఇక్కడ అత్తయ్యకీ బావకీ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నీకు.

ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. "పోయినవాడే మళ్లీ వస్తున్నాడు" అంటున్నారు అత్తయ్య. ఆ మాట మొదలవగానే నేను లేచి వెళ్లిపోతాను.

నీకేదో తెలుసు. నాలుగు నెలలుగా తెలిసీ కోటు గురించి రాస్తున్నావు. చెప్పు.

అక్క

*

హామిల్టన్,
29 అక్టోబరు 2023

అక్కా,

బావకి ఫోన్ చేసి చెప్పేయొచ్చు. నీకంటే ముందు బావకి తెలియడం తప్పనిపించింది. ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపుతున్నాను. చదివిన రోజే నీ డాక్టరు దగ్గరికి వెళ్లు.

నాలుగు నెలలు కాదు. ఆరు వారాలు. గొర్రెల గురించి రాసినప్పుడు నాకు ఏమీ తట్టలేదు, నిజం. ఇరవై మూడో పుస్తకంలో గొర్రెలు లేవని రాశాను కదా, అందులో ఉన్నది పసిపిల్లలు. ఒంట్లోకి వచ్చిన రాగిని వాడుకోలేని పిల్లలు. తల్లి నుంచి కొడుకులకే వస్తుంది. ఆ జబ్బుకి వేరే ఒక డాక్టరు పేరుంది, రెనీ గారిది కాదు. ఆవిడ పని ఆసుపత్రుల నుంచి వచ్చిన రక్తంలో రాగి కొలవడం.

ఆ పిల్లలెలా ఉంటారో డాక్టర్లు రాసి పంపిన చీటీలు పుస్తకంలో అంటించి ఉన్నాయి. పైకి చదవాలి కదా, చదివాను. పుట్టినప్పుడు మామూలుగా ఉంటారు. ఒళ్లు చల్లగా ఉంటుంది. చర్మం తెల్లగా, బుగ్గలు నిండుగా, చూడటానికి ముద్దుగా. రెండు మూడు నెలలకి మెడ నిలవదు, ఫిట్స్ వస్తాయి. జుట్టు రంగు పోయి, పొట్టిగా విరిగి, గిన్నెలు తోమే స్టీలు పీచులా తయారవుతుంది. డాక్టర్లు ముందుగా కనిపెట్టేది ఆ జుట్టుని చూసే.

ఆ ముక్క దగ్గర చదవడం ఆపేశాను. "కాగితం చిరిగిందా?" అన్నారు రెనీ గారు. లేదన్నాను. అప్పుడు చెప్పాను, ఆవిడకి చెప్పిందే నీకూ చెబుతున్నాను. నీకు తెలిసిందే అయినా నా చేత్తో రాయాలి.

పోయిన ఏడు ఆగస్టు పద్నాలుగు. నేను కెనడా వచ్చి మీ ఇంట్లో దిగిన రెండో ఆదివారం. నోషుకి పది వారాలు. చర్చి నుంచి వచ్చాక మీ అత్తయ్య సరోజన ఆంటీ ఊళ్లో వాళ్లకి వీడియో కాల్ చేసి బాబుని చూపిస్తున్నారు. అటునుంచి ఎవరో, "దొరబాబులా ఉన్నాడమ్మా, ఆ జుట్టేంటి, ఎవరి పోలిక?" అన్నారు. "మా ఇంటా వంటా లేదమ్మా ఈ రంగు. వాళ్లమ్మని అడగాలి" అని ఆంటీ నవ్వారు. బావ తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. నువ్వు వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పావు.

నీ వెనకే వచ్చి అన్నది నేను. "గుండు చేసేద్దామక్కా. ఈసారి ఒత్తుగా, నల్లగా వస్తుంది." మన ఊళ్లో అందరూ చేసేదే కదా. బావ ట్రిమ్మర్ తెచ్చి, షాపు ఫ్లయర్ కాగితం పరిచి, నా ఒళ్లో పడుకోబెట్టుకుని నేనే తీశాను. వాడు ఏడవలేదు. "ఎంత బుద్ధిమంతుడో" అని ముద్దు పెట్టాను. పసిపిల్లవాడు ఏడవకపోవడం బుద్ధి కాదని నాకు తెలియదక్కా.

ఆ తర్వాత మళ్లీ తెల్లగానే వస్తోందని ఆంటీ రెండు వారాలకోసారి తీస్తూనే ఉన్నారని నువ్వు ఫోన్‌లో చెప్పావు. అక్టోబరు చివర ఆసుపత్రిలో చేర్చేసరికి డాక్టర్లకి కనబడింది బోడితల. కనబడాల్సిన గుర్తుని మొదట తీసేసింది నా చెయ్యి.

ఇప్పుడు నీ కడుపులో ఉన్నది బాబు. అందుకే వెళ్లమంటున్నాను. పరీక్ష ఉంది. మందూ ఉంది, రాగి సూది. కాని పుట్టిన మొదటి రోజుల్లోనే మొదలుపెట్టాలి. జబ్బు బయటపడ్డాక ఇస్తే పనిచేయదట. గొర్రెల్లాగే.

ఈ ఉత్తరంలో కొట్టివేతలు లేవు.

ఫేబీ

*

విన్నిపెగ్,
12 నవంబరు 2023

ఫేబీ,

మొన్న తొమ్మిదికి ఏడాది. సమాధి దగ్గరికి వెళ్లాం. మంచు కప్పేసింది, రాయి దొరకలేదు. బావ చేతుల్తో తవ్వి దొరికించాడు.

నువ్వు సగం రాశావు. మిగతా సగం నా దగ్గర ఉంది.

ఆసుపత్రిలో నాలుగో రోజు ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్నది, నీకంటే కొంచెం పెద్దదేమో. బాబు తల నిమిరి, "గుండు ఎందుకు చేశారు?" అంది. మా ఆచారం అన్నాను. "తీయకముందు జుట్టు ఎలా ఉండేది? రంగు ఎలా ఉండేది?" అని అడిగింది.

అత్తయ్య పక్కనే ఉన్నారు. ఆవిడకి అంత ఇంగ్లీషు రాదు, కాని 'కలర్' అంటే తెలుసు. నా మొహం వైపు చూశారు. బావ కూడా చూశాడు.

"నల్లగా ఉండేది. మా అందరికీ ఉన్నట్టే" అన్నాను.

ఆమె రాసుకుంది. థాంక్యూ అని చెప్పి వెళ్లిపోయింది. ఇంకో ఆరు రోజులకి వాడు పోయాడు. పోయాక ఏవో రక్త పరీక్షలు చేస్తామంటే, "ఇంక వాడి ఒంట్లో సూది గుచ్చొద్దు" అన్నాడు బావ. నేను సరే అన్నాను.

ఏ ఆడదైనా ఎందుకు అబద్ధమాడిందని నన్ను అడిగితే చెప్పగలను. ఎవరి పోలిక అని మూడు నెలలు వినీ వినీ, ఆ రంగు పైకి చెబితే నేనేదో తప్పు ఒప్పుకున్నట్టవుతుందనిపించింది. అంత చిన్న సంగతికి. జూన్‌లో నీ గొర్రెల ఉత్తరం వచ్చిన రోజే నాకు అనుమానం వచ్చింది. నల్లది బూడిదరంగుకి తిరగడం, తీగలా సాగడం. అందుకే రాయొద్దన్నాను. అప్పుడే కనుక్కుని ఉండాల్సింది. కనుక్కుంటే నేను చెప్పిన 'నలుపు' ఏం చేసిందో కూడా తెలుసుకోవాలి కదా.

నువ్వు అడిగి కొట్టేసిన ప్రశ్నకి జవాబు ఈ కవరులో ఉంది. నువ్వు ఆ ఫ్లయరు మడిచి చెత్తబుట్టలో వేశావు. పుట్టువెంట్రుకలు అలా పారేయకూడదని నాయనమ్మ అనేది. మన పాస్టరు గారికి అవన్నీ నచ్చవు, అయినా మనసొప్పక తీసి టిష్యూలో చుట్టి బైబిల్లో పెట్టుకున్నాను. సగం పంపుతున్నాను. ఆవిడకి చూపించు. కళ్లతో కాదు, వాళ్ల నాన్న చూసినట్టు.

నేనింకా డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. తిట్టకు. ఆవిడ ఏమంటారో తెలిశాక వెళ్తాను.

అక్క

*

హామిల్టన్,
26 నవంబరు 2023

అక్కా,

చెప్పినట్టే చేశాను. నువ్వు డాక్టరమ్మతో అన్న మాట కూడా రెనీ గారికి చెప్పాను.

ముందు కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద పెట్టాను. పక్కన నా వెంట్రుక పెట్టుకున్నాను. నాది నున్నగా, కడ్డీలా ఉంది. నోషుది పురికొసలా మెలితిరిగి ఉంది. ప్రతి మెలిక దగ్గరా చిట్లి ఉంది. పురి ఎంత మంచి మాటని ఇదివరకు అనుకునేదాన్ని. ఇప్పుడది నా గోడ మీద పెట్టుకోలేను.

తర్వాత రెనీ గారి అరచేతిలో పెట్టాను. నాలుగైదు పోగులు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నెమ్మదిగా నలిపారు. ఆవిడ పెదాలు కదిలాయి, కాని మాట నాకు అర్థం కాలేదు. వాళ్ల ఊరి మాట కావచ్చు. ఆ తర్వాత, "వీడి పేరేంటి?" అని అడిగారు. చెప్పాను. "ఎనోషు" అని రెండుసార్లు పలికి, సరిగ్గా పలికానా అని అడిగారు.

నేను అడగకూడని ప్రశ్న అడిగాను. "అప్పుడే తెలిసి ఉంటే బతికేవాడా?"

"పది వారాలకి ఆలస్యమే అయ్యేది. బహుశా."

"బహుశానా?"

"బహుశా. అంతకంటే గట్టి మాట నా దగ్గర లేదు. ఉన్నట్టు చెబితే అది వైట్నర్."

ఇరవై మూడో పుస్తకంలో అరవై ఒకటో పేజీ తీయమన్నారు. డెబ్బై నాలుగు మార్చిలో ఒక బాబు రక్తం. రాగి ఎంతుందో కొలిచి అంకె రాసి, దాన్ని కొట్టేసి, పక్కన "నా పొరపాటు, మళ్లీ రక్తం పంపండి" అని సంతకం. ఒక మనిషి రక్తంలో అంత తక్కువ ఉండదని, తన చెయ్యే తప్పిందని అనుకున్నారట. రెండో రక్తం రావడానికి పదకొండు రోజులు పట్టింది. రెండోసారీ అదే అంకె. ఆ మధ్యలో బాబు పోయాడు.

"గీత కింద అంకె కనబడుతోందా?" అన్నారు.

"కనబడుతోందండీ."

"చదువు."

చదివాను. మళ్లీ చదవమన్నారు. మూడుసార్లు. "ఆ గీత వల్లే తర్వాత వచ్చిన ఏ తక్కువ అంకెనీ నేను కొట్టేయలేదు. ఎవరికైనా మేలు జరిగిందో లేదో తెలియదు. మీ అక్కని ఆ డాక్టరు దగ్గరికి వెళ్లి తను చెప్పింది దిద్దమని చెప్పు. ఈ జుట్టు తీసుకెళ్లమను. వచ్చేవాడికి గడియారం ఇప్పుడే మొదలైంది."

వెంట్రుకలు ఈ కవర్లోనే తిరిగి పంపుతున్నాను. ఒక్కటి కూడా ఉంచుకోలేదు. వెళ్లక్కా.

ఫేబీ

*

హామిల్టన్,
4 ఫిబ్రవరి 2024

అక్కా,

దాదాపు మూడు నెలలుగా నీ నుంచి ఉత్తరం లేదు. "టెస్టులు జరుగుతున్నాయి, ప్రార్థన చెయ్యి" అని బావ ఒక్క మెసేజ్ పెట్టాడు. చేస్తున్నాను.

రెనీ గారు జనవరి ఇరవై ఆరున పోయారు. న్యుమోనియా. ముప్ఫై ఎనిమిదో పుస్తకం మధ్యలో ఉన్నాం. ఎక్కడ ఆపామో గుర్తుగా బస్ టికెట్ పెట్టాను, అది అలాగే ఉంది. నోటుబుక్కులు తీసుకెళ్లడానికి యూనివర్సిటీ వాళ్లు గురువారం వస్తామన్నారు. బుధవారం వెళ్లి, మిగిలినవన్నీ ఆ ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని పైకి చదివాను. గొంతు బొంగురుపోయింది. చివరి పుస్తకంలో చివరి పేజీ మీద ఏముంటుందోనని ఆశపడ్డాను. గాజు సామాన్ల జాబితా ఉంది.

పోయే ముందు వారం అడిగారు: "మీ అక్క వెళ్లిందా?"

"తెలియదండీ" అన్నాను. అబద్ధమాడదామనుకున్నాను, నోరు రాలేదు.

ఫేబీ

*

విన్నిపెగ్,
17 మార్చి 2024

ఫేబీ,

వెళ్లాను. డిసెంబరు ఆరున. నీకు రాయలేదు, ఎందుకంటే ఏది రాసినా మర్నాటికి మారిపోయేది.

అదే డాక్టరమ్మని అడిగి వెళ్లాను. బావ వచ్చాడు. అత్తయ్య ఇంట్లో ఉంటానంటే నేనే బలవంతంగా తీసుకెళ్లాను. డాక్టరమ్మ కంప్యూటర్లో నోషు ఫైలు తీసి చదివింది. జుట్టు: నలుపు, మామూలు. తల్లి చెప్పిన ప్రకారం.

"అది తప్పు. నేనే తప్పు చెప్పాను" అన్నాను. టిష్యూ విప్పి బల్ల మీద పెట్టాను.

అత్తయ్య నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఏంటే సంతోషీ, ఇప్పుడెందుకవన్నీ?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడండీ?" అన్నాను. తెలుగులోనే అన్నాను, కాని ఆ గదిలో అందరికీ అర్థమైంది.

పాతది చెరపొద్దని డాక్టరమ్మని అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది. మా దాంట్లో చెరపడం కుదరదు, కింద కొత్తది చేర్చడమే అంది. నా కళ్లముందే చేర్చింది. తెల్లటి రంగు, స్టీలు పీచులా, విరిగేది. తేదీ వేసింది. కారెక్కాక బావ స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. "నేనెప్పుడూ అనుమానించలేదు" అన్నాడు. "అననూ లేదు, ఆపనూ లేదు" అన్నాను. మాకు పెళ్లయ్యాక మొదటిసారి గట్టిగా మాట్లాడుకున్నది ఆ రోజే.

పరీక్షలో ఆ జబ్బు మూలం నాలో ఉందని తేలింది. తర్వాత బాబులో కూడా ఉందని తేలింది. డాక్టరమ్మ కడుపు వద్దనుకునే దారి కూడా చెప్పింది. వద్దని తల అడ్డంగా ఊపాను.

ఫిబ్రవరి ఇరవై ఒకటిన పుట్టాడు. రెండో రోజు నుంచే సూది మొదలైంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నేను వాడి కాలు పట్టుకుంటాను, బావే వేస్తాడు. వేసినప్పుడల్లా గుక్కపట్టి ఏడుస్తాడు. వాడు ఏడుస్తుంటే నాకు ఎంత హాయిగా ఉంటుందో ఎవరికి చెప్పను? పాలు తాగుతాడు. ఒళ్లు వెచ్చగా ఉంది. కొందరు పిల్లలు నడుస్తారట, కొందరు నడవరట, ఇప్పుడే ఏమీ చెప్పలేమంటోంది డాక్టరమ్మ. అది వైట్నర్ కాదని అనుకుంటున్నాను.

ఒక్కొక్క సూదికీ నోషు గుర్తొస్తాడు. ఈ చిన్న సీసా వాడు పుట్టినప్పుడు కూడా ఈ ఊళ్లోనే ఎక్కడో ఫ్రిజ్‌లో ఉండే ఉంటుంది. ఆ ఆలోచన దగ్గర నేను ఆగిపోతాను, ముందుకి వెళ్లలేను. మీ రెనీ గారి నాన్న కొట్టం వెనక ఎందుకు కూర్చున్నాడో నాకు అర్థమైంది. ఆవిడ అడిగేనాటికే నేను వెళ్లొచ్చానని ఆవిడకి తెలియకుండా పోయింది. నేను ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది.

అత్తయ్య ట్రిమ్మర్ని పెట్టెలో పెట్టి బేస్మెంట్‌లోకి తీసుకెళ్లారు. ఎవరూ చెప్పలేదు. వీడియో కాల్‌లో ఎవరో పోలికలు మొదలుపెడితే ఫోన్ కట్ చేశారు.

ప్రస్తుతానికి జుట్టు నల్లగానే ఉంది. నోషుకీ పుట్టినప్పుడు నల్లగానే ఉండేది. మందు పనిచేస్తే ఈ నలుపు నిలుస్తుంది, లేకపోతే పది వారాలకి తెలుస్తుంది అన్నారు. అంటే ఏప్రిల్ చివర. నీ పరీక్షలు అప్పటికి అయిపోతాయి కదా. ఈసారి మిడ్‌టర్మ్ అనకు.

ఈ ఉత్తరం మొదట్లో "నీ మీద నాకు కోపం లేదు" అని రాశాను. ఆ కాగితం పారేయలేదు, వెనక జత చేశాను. గీత కొట్టాను, కింద చదవొచ్చు. పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. కోపం ఉంది. నా మీద ఉన్నంత లేదు.

రా. వచ్చి వాడిని ఒళ్లో పడుకోబెట్టుకుని, రెండు వేళ్లతో నువ్వే చూడు. నాకు ధైర్యం చాలదు. చూసి చెప్పు. ఏ రంగుంటే ఆ రంగే చెప్పు.

అక్క